ఒకే సైజు డిస్కులో అంత ఎక్కువ సినిమా ఎలా పడుతుంది?

విడపనకల్లు నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రశ్న ఇది: "మా ఇంట్లో 'మాయాబజార్' మూడు వీసీడీల్లో ఉంది. అదే డీవీడీ అయితే ఒక్కటి చాలంట. బ్లూ-రేలో ఇంకా ఎక్కువ పడుతుందంట. అన్నీ ఒకే సైజు కదా, ఎట్ల పడుతుంది? పాత సినిమాలకు పాత డిస్కులు చాలవా? మా నాయన ఏ ప్లేయర్ కొంటే మంచిది?"

మంచి ప్రశ్న అడిగావమ్మా. మూడు డిస్కులూ 12 సెంటీమీటర్ల వెడల్పే, 1.2 మిల్లీమీటర్ల మందమే. తేడా అంతా కంటికి కనపడని చోట ఉంది. డిస్కు లోపల సన్నటి గుంటలు ఒకే వరసగా, మధ్య నుంచి అంచు దాకా చుట్లు తిరుగుతూ పోతాయి. వాటి మీద పడిన లేజర్ వెలుగు తిరిగొచ్చే తీరును బట్టే ప్లేయర్ బొమ్మనూ మాటనూ పట్టుకుంటుంది.

మీ చేలో గొర్రుతో విత్తనం వేయడం చూసే ఉంటావు. సాలుకూ సాలుకూ ఎడం తగ్గిస్తే అదే చేలో ఎక్కువ సాళ్లు పడతాయి. ఇక్కడా అంతే. వీసీడీలో చుట్టుకూ చుట్టుకూ ఎడం 1.6 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. డీవీడీలో ఆ ఎడం 0.74కు, బ్లూ-రేలో 0.32కు తగ్గింది. గుంటలూ పొట్టివయ్యాయి. అందుకే సీడీలో (వీసీడీ కూడా సీడీయే) సుమారు 700 ఎంబీ పడితే, డీవీడీ ఒక్క పొరలో 4.7 జీబీ, బ్లూ-రే ఒక్క పొరలో 25 జీబీ పడుతుంది. వీసీడీకి ఒక డిస్కులో 74 నుంచి 80 నిమిషాల సినిమానే పట్టేది. మూడు గంటలు దాటే 'మాయాబజార్' మూడు ముక్కలైంది ఇందుకే.

మొదట్లోనే గుంటలను అంత చిన్నగా ఎందుకు చేయలేదు? చేసినా చదివే వెలుగు లేదు. లేజర్ చుక్కను ఆ వెలుగు తరంగం పొడవును బట్టి కొంతవరకే కుదించగలం. సీడీని చదివేది కంటికి కనపడని 780 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) పరారుణ కాంతి. డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు వచ్చింది. బ్లూ-రేకు 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్ కావాలి. అలాంటి వెలుగునిచ్చే పదార్థాన్ని తయారు చేయడానికే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. అలాంటి పదార్థంతోనే నీలి ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారంటే అదెంత కష్టమో చూడు.

అందుకే పాత ప్లేయర్ కొత్త డిస్కును చదవలేదు. కొత్త ప్లేయర్ పాతదాన్ని చదవడానికి సాధారణంగా అందులో పాత రంగు లేజర్ కూడా పెడతారు. బ్లూ-రే ప్లేయర్లలో డీవీడీ మామూలుగా ఆడుతుంది. వీసీడీ మాత్రం అన్నిటిలోనూ ఆడదు. బళ్లారిలో కొన్నా, గుంతకల్లులో కొన్నా అట్టపెట్టె మీద చూసి, వీలైతే మీ వీసీడీ ఒకటి పట్టుకుపోయి అక్కడే వేయించి చూడమని నాయనతో చెప్పు.

ఇక బొమ్మ సంగతి. వీసీడీ బొమ్మలో సుమారు లక్ష చుక్కలుంటాయి. డీవీడీలో నాలుగు లక్షల పైన, బ్లూ-రేలో ఇరవై లక్షల పైన. పాత డబ్బా టీవీలో ఆ లక్షతో బాగానే గడిచింది. ఇప్పటి పెద్ద ఎల్‌ఈడీ టీవీ మిగతా చుక్కలను ఊహించి నింపుకోవాలి. అందుకే ముఖాలు అలుక్కుపోయినట్టు, గళ్లు గళ్లుగా కనిపిస్తాయి.

పాత సినిమాకు పాత డిస్కు చాలని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. 1957 నాటి 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి గారు మన తాడిపత్రి వైపు వారే. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టిన ఆ సినిమాను 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఆ ఫిల్ములో వీసీడీ చూపించే దానికంటే ఎన్నో రెట్లు వివరం ఉంటుంది. పడవ పాటలో నీటి మీద తళుకులు మసకబారితే తప్పు సినిమా వయసుది కాదు, డిస్కుది, దాన్ని ఎక్కించడానికి వాడిన ప్రింటుది. కాబట్టి పాత సినిమా కొనేటప్పుడే మంచి ప్రింటు నుంచి కొత్తగా ఎక్కించారా అని అడగాలి. అరిగిన ప్రింటును బ్లూ-రేలోకి ఎక్కిస్తే ఆ గీతలే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

మీ వైపు వేసవి గాలికి దుమ్ము ఎక్కువ, దాని సంగతీ చెప్పాలి. సీడీలో గుంటలు బొమ్మ ముద్రించిన వైపు, పైపూత కిందే ఉంటాయి. ఆ వైపు గీత పడితే పని అయిపోయినట్టే. డీవీడీలో అవి మందం మధ్యలో ఉంటాయి. బ్లూ-రేలో మెరిసే వైపు పదో వంతు మిల్లీమీటరు లోతులోనే ఉంటాయి, అందుకే పైన గట్టి పూత వేస్తారు. ఏ డిస్కునైనా మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత గుంటల వరస వెంటే సాగి, ప్లేయర్ సరిదిద్దుకోలేనంత పొడవు పాడవుతుంది.

నా మాట అడిగితే, టీవీ 32 అంగుళాల లోపుదైతే వీసీడీ కూడా ఆడే డీవీడీ ప్లేయర్ చాలు. టీవీ పెద్దదైతే, మంచి బ్లూ-రే డిస్కులు దొరుకుతుంటే బ్లూ-రే ప్లేయర్ కొనడం మేలు. వీసీడీలు మాత్రం పారేయొద్దు. మన వైపు పద్యనాటకాలు ఎన్నో వీసీడీలుగా వచ్చి అక్కడే ఆగిపోయాయి. అలాంటివి మీ ఇంట్లో ఉంటే కంప్యూటరులో డిస్కు తెరిచి, ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులోని పెద్ద ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి పెట్టండి.