పత్రం లేని బేరం

హైదరాబాద్ పడమటి శివార్లలో ఎత్తయిన భవనాలతోపాటు ‘ప్రీ-లాంచ్’ విక్రయాలూ పెరిగాయి. అనుమతులు రాకముందే, పునాది తీయకముందే, తక్కువ ధర ఆశ చూపి మొత్తం సొమ్ము వసూలు చేస్తారు. కొందరు ఫ్లాటుకు బదులు భూమిలో అవిభక్త వాటాను మాత్రమే రాసిస్తారు. గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టినది, ఆడబిడ్డ పెళ్ళికి దాచినది ఇలా చిక్కుకుపోతున్నది.

2016 నాటి రెరా చట్టం ఈ పద్ధతికి అడ్డుకట్ట వేసింది. 500 చదరపు మీటర్ల స్థలాన్ని లేదా 8 ఫ్లాట్లను మించిన ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటించరాదు, అమ్మరాదు. రిజిస్టరైన ఒప్పందం లేనిదే ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారులిచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వెచ్చించాలి.

ధర్మశాస్త్రం కూడా ఇదే హెచ్చరిక చేస్తున్నది. తన వద్ద లేనిదానిని అమ్మవద్దని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)ను వారించారు. కట్టబోయేదానికి ముందుగా ఒప్పందం చేసుకోవడాన్ని, అనగా ఇస్తిస్నాను, పండితులు అనుమతించారు. అయితే దాని స్వరూపం, ధర స్పష్టంగా ఉండాలి. గడువు పెట్టుకున్న రుణ వ్యవహారాన్ని సాక్షుల ఎదుట వ్రాసుకోవాలని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. బంధువని, నమాజీ అని మొహమాటపడి పత్రం అడగకపోవడం దైవంపై నమ్మకం కాదు, అజాగ్రత్త.

కనుక సొమ్ము చెల్లించే ముందు రెరా నమోదు సంఖ్యను సరిచూడండి. కమీషన్ కోసం బంధువులను ఇలాంటి బేరాల్లోకి దింపే సోదరులారా! ఆ రాబడికి కూడా రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్క చెప్పవలసి ఉంటుంది.