కన్నెస్వామికి అడవే గురువు

వెంగల్: కార్తిగై నెల పుట్టగానే తిరువళ్లూరు జిల్లా పల్లెల్లో నల్లబట్టలు కనిపిస్తాయి. వెంగల్, పెరియపాళెం, ఊత్తుకోట వైపు మన తెలుగిళ్లలోనూ అంతే. మెడలో మాల పడిందా.. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్న అమ్మే 'స్వామీ' అంటుంది. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు. ఇలా 41 రోజులు. శబరిమలకు తొలిసారి వెళ్లేవారే కన్నెస్వాములు.

రాయి తీసి.. రాయి వేసి..

ఎరుమేలి నుంచి పంబ దాకా సాగే అడవిదారిని పెద్దపాదం అంటారు. అళుదా నదిలో మునిగిన కన్నెస్వామి ఓ రాయి తీసుకుని, కొండ మీద కల్లిడుంకుండ్రులో వేస్తాడు. మహిషిని పూడ్చిన చోటుకు అది గుర్తని పెద్దలు చెబుతారు. ఆపై నిట్టనిలువు కరిమల. 1978లో పులుల అభయారణ్యమైన పెరియార్ అడవి ఇది. ఏనుగులు తిరిగే చోటు. గురుస్వామి అడుగులో అడుగు వేయాల్సిందే. ఇంట్లో ఎంత గారాబమైనా ఇక్కడ చెల్లదు.

మూడు మెట్లు

మనిషి ఒక దశ నుంచి మరో దశకు మారే తంతుల్లో మూడు మెట్లుంటాయని 1909లో ఆర్నాల్డ్ వాన్ జెన్నెప్ అనే పండితుడు ఫ్రెంచిలో రాశారు. ఉన్నచోటు వదలడం, గడపలో నిలవడం, కొత్తమనిషిగా తిరిగిరావడం. మాల వేయడం, అడవి దాటడం, ఇంటికొచ్చి మాల తీయడం.. అచ్చంగా ఇవే కదా!

తగ్గుతున్న నడక

ఇప్పుడు చాలామంది వ్యాన్లలో నేరుగా పంబ చేరుతున్నారు. అక్కణ్నుంచి సన్నిధానం సుమారు 5 కిలోమీటర్లే. పెద్దవాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు అదే మేలు. సత్తువ ఉన్న కుర్రాళ్లూ అదే దారి పడితే అడవి నేర్పే పాఠం ఎవరికి? నడిచేవాళ్లలోనూ కొందరు సీసాలు, సంచులు పారేసి వస్తున్నారు. తిండివాసన తగిలిన ప్లాస్టిక్‌ను అడవి జంతువులు మింగుతాయి. పంబలో బట్టలు వదలడమూ ఆచారం కాదు.

పద్దెనిమిదోసారి వెళ్లే స్వామి కొబ్బరిమొక్క తీసుకెళ్లి అక్కడ నాటడం ఆనవాయితీ. అడవికి ఏదో ఒకటి ఇచ్చి రావాలన్నదే అందులో మాట.

వెళ్లేవారు గమనించాలి

* ఇరుముడిలో ప్లాస్టిక్ వద్దు.
* అటవీశాఖ అనుమతించిన వేళల్లోనే నడవాలి. జట్టు వదలకూడదు.
* గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు డాక్టరు సలహా తీసుకోవాలి.