కౌంటర్ దగ్గర మూడు సంతకాలు

పోయిన మేలో అక్క కాన్వొకేషన్ కోసం అమ్మ, నాన్న, నేను డాలస్ వెళ్ళాం. అక్కకి కారు లేదు. ఆ ఊళ్ళో కారు లేకపోతే పాల ప్యాకెట్‌కి కూడా ఎవరినో ఒకరిని బతిమాలాలి. అందుకే ఐదు రోజులకి ఎయిర్‌పోర్టులోనే అద్దె కారు తీసుకుందాం అనుకున్నాం. బుకింగ్ పని నాకు పడింది. ఇంట్లో సీఎస్ఈ చదివేవాడు ఉంటే ఇంకెవరికి పడుతుంది? 240 డాలర్లకి దొరికింది, చాలా గొప్పగా ఫీలయ్యాను. చివరికి కట్టింది 520 పైనే.

ఆ తేడా ఎక్కడ పుట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నా. మీలో చాలామంది ఎంఎస్‌కి వెళ్తారు, మీ అమ్మానాన్నలూ వస్తారు కదా.

ముందు కాగితాల సంగతి. అమెరికాలో చాలా కంపెనీలు 21 ఏళ్ళు నిండనివాళ్ళకి కారు ఇవ్వవు. 25 లోపు వాళ్ళకి ఇచ్చినా రోజుకింత అని అదనంగా తీసుకుంటారు. అందుకే కారు నాన్న పేరు మీద తీసుకున్నాం. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంటే మంచిది. ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఫీజు 1000 రూపాయలు, ఏడాది పనిచేస్తుంది. అమెరికాలో అది అడగడం రాష్ట్రాన్ని, కంపెనీని బట్టి ఉంటుంది. జపాన్‌లో అయితే అది లేకుండా మనకి కారు ఇవ్వరు.

రెండోది కార్డు. నాన్న డాలర్లన్నీ ఫారెక్స్ కార్డులో వేయించుకొచ్చారు. కౌంటర్ దగ్గర అది చెల్లదన్నారు. ప్రీపెయిడ్ కార్డు కాబట్టి ఒప్పుకోరట. డ్రైవర్ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు కావాలి. అద్దెకి మించి కొంత మొత్తం అందులో బ్లాక్ చేసి, కారు తిరిగిచ్చాక వదులుతారు. అదృష్టం కొద్దీ నాన్న పర్సులో క్రెడిట్ కార్డు ఉంది. దాంట్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేయలేదు. లైన్లో నిలబడి, ఎయిర్‌పోర్టు వైఫైతో, బ్యాంక్ యాప్‌లో ఆన్ చేశాం.

ఇక అసలు కథ. డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో అద్దె కార్లు టెర్మినల్ దగ్గర ఉండవు. షటిల్ బస్సెక్కి రెంటల్ కార్ సెంటర్‌కి వెళ్ళాలి. ఇరవై గంటలకి పైగా ప్రయాణం, అమ్మ కాళ్ళు వాచిపోయాయి. కౌంటర్లో ఆవిడ నవ్వుతూ గబగబా మూడు ప్రశ్నలు అడిగింది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ప్రతి పదం అర్థమైంది, విషయం మాత్రం అర్థం కాలేదు. నాన్న నా వైపు చూశారు. నేను తల ఊపాను. మూడుసార్లూ ఊపాను. నాన్న ట్యాబ్ మీద మూడు సంతకాలు పెట్టారు.

ఆ మూడూ ఏంటంటే:

1. డ్యామేజ్ వేవర్. కారుకి దెబ్బ తగిలినా, పోయినా ఆ ఖర్చు మన నుంచి వసూలు చేయం అని కంపెనీ ఇచ్చే మాట. కొన్ని క్రెడిట్ కార్డులు దీన్ని కవర్ చేస్తాయి. బయల్దేరే ముందే బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.

2. లయబిలిటీ కవర్. మన వల్ల అవతలివాళ్ళకి, వాళ్ళ కారుకి జరిగే నష్టానికి. అక్కడ సొంత కారున్నవాళ్ళకి వాళ్ళ పాలసీయే చాలాసార్లు అద్దె కారుకీ వర్తిస్తుంది. మనకి ఆ పాలసీ ఉండదు. అక్కడి హాస్పిటల్ బిల్లులు తెలిసినవే, కాబట్టి ఇది వద్దనుకోకూడదు.

3. ప్రీపెయిడ్ పెట్రోల్. ఫుల్ ట్యాంక్ డబ్బులు ముందే కట్టేస్తాం, ఖాళీగా తిరిగివ్వొచ్చు. మేం సగం ట్యాంకుతో ఇచ్చాం, మిగతా సగం డబ్బులు పోయినట్టే. ఎయిర్‌పోర్టు దగ్గర బంకులో నింపి ఇచ్చుంటే సరిపోయేది.

అంటే మూడో సంతకం దండగ. మొదటి రెండూ దండగ కాదు, కానీ అంత ధర పెట్టక్కర్లేదు. ఇది నాకు ఇంటికొచ్చాక తెలిసింది. బుకింగ్ పేజీలో నివాస దేశం అనే డ్రాప్‌డౌన్ ఉంటుంది. దాంట్లో ఇండియా అని పెడితే, కొన్ని కంపెనీలు ఆ రెండు కవర్లూ కలిపిన రేటు చూపిస్తాయి. నేను డీఫాల్ట్‌గా ఉన్న యునైటెడ్ స్టేట్స్‌ని అలాగే వదిలేశాను. తక్కువ రేటు కనిపించింది ఆ కవర్లు లేకపోవడం వల్లే. ఇన్‌పుట్ చెక్ చేయకుండా అవుట్‌పుట్ చూసి మురిసిపోయా.

టోల్ ఇంకో సర్‌ప్రైజ్. డాలస్ టోల్ రోడ్ల మీద గేట్లుండవు, డబ్బులు తీసుకునే మనిషి ఉండడు. కెమెరా నంబర్ ప్లేట్‌ని ఫొటో తీస్తుంది. బిల్లు ముందు కంపెనీకి వెళ్ళి, వాళ్ళ సర్వీస్ చార్జీ కలుపుకుని మన కార్డు మీదకి వస్తుంది. మాకు ఇండియా వచ్చిన రెండు వారాలకి వచ్చింది. తొందర లేకపోతే మ్యాప్స్‌లో టోల్ రోడ్లు వద్దు అని పెట్టుకోండి. కారు తీసేముందు, ఇచ్చేటప్పుడు చుట్టూ తిరిగి ఒక వీడియో తీసుకోండి. పాత గీతలకి మనం కట్టక్కర్లేదు.

డ్రైవింగ్ మాత్రం నాన్న మొదటి గంటలోనే పట్టేశారు. కాకపోతే మన కార్లలో ఇండికేటర్ కుడి చేతి వైపు, అక్కడ ఎడమ వైపు. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా మండుటెండలో వైపర్లు ఆడేవి. అక్క వెనక సీట్లో పొట్ట పట్టుకుని నవ్వేది.

బిల్లు చూశాక నాన్న నన్ను తిట్టలేదు. “నువ్వు తల ఊపావు కదరా, నీకు తెలుసనుకున్నా” అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. “ఒక్క నిమిషం ఆగండి, చదువుకుంటాం” అనడానికి నాకు ఇంగ్లీష్ వచ్చు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో అని అనలేదు. మీరు అనండి. లైన్ ఆగుతుంది, ఏం కాదు.