గాలిని నమ్ముకున్న ఇంజను

రెజిమెంటల్ బజార్‌లో మా వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర తిరిగే ఆటోలు రిపేరుకి అక్కడికే వస్తాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం అటు వెళ్తే ఒక ఆటో వెనక డొప్ప ఎత్తి ఉంది. ఉస్తాద్ ఇంజను మీది రేకు మూత విప్పి కింద పెట్టాడు. సిలిండరు చుట్టూ పలకల్లా వరసగా ఉండే రెక్కల మధ్య దుమ్మూ ఆయిలూ కలిసి ఎండిన పిడకలా పేరుకుపోయింది. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో ఆయన ఒక్కో సందూ గీకుతున్నాడు. పక్కన డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు.

"పది రోజులు కాలే ఉస్తాద్, పెద్ద పిస్టను వేయించిన. మంచి పికప్ ఇచ్చింది. నిన్న ఫ్లైఓవర్ మీద పట్టేసింది."

ఉస్తాద్ గీకడం ఆపకుండానే అడిగాడు. "పిస్టను పెద్దది చేసిండ్రు. గాలి పెద్దది చేసిండ్రా?"

ఆ ప్రశ్న ఆ ఆటో ఒక్కదానిదే కాదు. ప్రపంచంలో రెండు కోట్లకు పైగా తయారైన ఒక కారు ఇంజను చరిత్ర మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ కారు ఫోక్స్‌వాగన్ బీటిల్. పాత బీటిల్‌ని సంపాదించుకున్న వాళ్లలో చాలామందికి పుట్టే మొదటి కోరిక దానికి ఇంకాస్త పెద్ద ఇంజను వేయాలని. ఆ కోరిక ఎంతవరకు సాధ్యమో, ఎక్కడ ప్రమాదమో తెలియాలంటే ఆ ఇంజను ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో చూడాలి.

నీళ్లు వద్దనుకున్న కారు

1934లో జర్మన్ ప్రభుత్వం ఫెర్డినాండ్ పోర్షేకి ఒక పని అప్పజెప్పింది. మామూలు కుటుంబం కొనుక్కోగల కారు చేయాలి. ఫోక్స్‌వాగన్ అంటే జర్మన్‌లో ప్రజల కారు అనే అర్థం. మామూలు కుటుంబానికి షెడ్డు ఉండదు, కారు రాత్రంతా వీధిలోనే ఉంటుంది. అక్కడి చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు వ్యాకోచించి ఇనప బ్లాకుని కూడా పగలగొడుతుంది. అందుకని రేడియేటరు, నీళ్ల పంపు, రబ్బరు గొట్టాలు ఏవీ వద్దనుకున్నారు. గాలి గడ్డకట్టదు, మరగదు, కారిపోదు.

ఇంజను రూపం ఇచ్చినవాడు పోర్షే దగ్గర పనిచేసిన ఫ్రాంజ్ జేవర్ రైమ్‌స్పీస్. నాలుగు సిలిండర్లు, అటు రెండు, ఇటు రెండు, నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు చప్పట్లు కొట్టే చేతుల్లా ఒకేసారి దగ్గరకొస్తాయి, ఒకేసారి దూరమవుతాయి. ఒకదాని ఊపుని మరొకటి రద్దు చేస్తుంది కాబట్టి కుదుపు తక్కువ. తొలి నమూనాల్లో దీని పరిమాణం 985 సీసీ.

గాలి విసిరే ఏర్పాటు మాత్రం మన స్కూటరు వాడినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. వెస్పాలో, లాంబ్రెట్టాలో, ఆ లాంబ్రెట్టా నమూనాతోనే మన హైదరాబాద్ ఆల్విన్ అమ్మిన పుష్పక్‌లో ఫ్లైవీలుకే ఫ్యాను రెక్కలుంటాయి. ఆ గాలిని రేకు మూత సిలిండరు మీదికి మళ్లిస్తుంది. బీటిల్‌లో ఫ్యాను డైనమో ఇరుసు చివర ఉంటుంది. బెల్టు డైనమోని తిప్పితే దానితోపాటు ఫ్యానూ తిరుగుతుంది. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే తర్వాతి ఇంజన్లలో అది సెకనుకి 500 లీటర్లకు పైగా గాలిని తోస్తుంది. ఆ గాలి రేకు గూటిలోంచి దిగి సిలిండర్ల రెక్కల మధ్యగా పోయి కారు కింద నుంచి వేడిగా బయటపడుతుంది.

బెల్టు తెగితే డాష్‌బోర్డు మీద చార్జింగ్ లేదని ఎర్రలైటు వెలుగుతుంది. వేరే కార్లు కొన్నిటిలో అయితే బ్యాటరీ ఉన్నంతసేపు ఇంటిదాకా లాక్కురావచ్చు. బీటిల్‌లో ఆ లైటు వెలిగిందంటే ఫ్యాను కూడా ఆగిపోయిందన్నమాట. అక్కడికక్కడే బండి పక్కకి తీసి ఇంజను ఆపాల్సిందే.

ఈఎంఈ వాళ్ల చేతి చలవ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఈ కారు ఫ్యాక్టరీ బాంబులకు సగం కూలిపోయి ఉంది. 1945 ఆగస్టులో దాని బాధ్యత తీసుకున్నది ఐవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్. ఆయన రాయల్ ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్ దళం అధికారి, అంటే సైన్యం బండ్లు బాగుచేసే దళం మనిషి. అక్కడున్న ఒక కారుకి ఖాకీ రంగు వేయించి పై అధికారులకి చూపించాడు. బ్రిటిష్ సైన్యం 20,000 బండ్లకు ఆర్డరిచ్చింది. మూతపడాల్సిన ఫ్యాక్టరీ అలా బతికింది.

సికింద్రాబాద్ వాళ్లకి ఈ ముక్క దగ్గరగా అనిపించాలి. అదే తీరులో 1943లో ఏర్పడిన భారత సైన్యపు ఈఎంఈ దళానికి కాలేజీ ఉన్నది మన తిరుమలగిరిలోనే. రెజిమెంటు కోసం పుట్టిన బజారు మనది. పనిముట్టు పట్టుకున్న సైనికుడు ఒక యంత్రాన్ని ఎలా బతికిస్తాడో ఇక్కడి వాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

కంపెనీయే చేసిన మార్పిడి

యుద్ధం తర్వాతి బీటిల్ ఇంజను 1131 సీసీ, 25 హార్స్‌పవర్. సిలిండరు వెడల్పు 75 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే పొడవు 64. దీన్నే కాస్త బలపరిచి పోర్షే కుటుంబం 1948లో తమ మొదటి 356 కారులో పెట్టింది. ఈ ఇంజనుని సాగదీసిన తొలి చేతుల్లో దాన్ని పుట్టించిన ఇంటివాళ్ల చేతులూ ఉన్నాయి.

తర్వాత కంపెనీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చింది. 1954 నాటికి వెడల్పు 77 చేసి 1192 సీసీ. 1965లో పొడవు 69 చేసి 1285. మరుసటి ఏడాది వెడల్పు 83 చేసి 1493. 1970లో 85.5 చేసి 1584 సీసీ, 50 హార్స్‌పవర్. మొదటి నుంచీ లెక్కేస్తే పరిమాణం పెరిగింది 40 శాతం, శక్తి మాత్రం రెండింతలైంది.

ఈ అంకెల కన్నా వాటి పక్కన జరిగిన పనులు ముఖ్యం. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాలకు చేరేది నాలుగో వంతు అటూ ఇటూ. మిగతాదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత రెక్కల మీదుగా, ఆయిలు మీదుగా పోవాలి. శక్తి రెండింతలైతే పారదోలాల్సిన వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆయిలు మాత్రం మొదటినుంచీ రెండున్నర లీటర్లే.

మూడో సిలిండరు కథ ఇక్కడే వస్తుంది. ఆయిలు చల్లబరిచే చిన్న కూలర్‌ని మొదట రేకు గూటిలోపలే, ఆ సిలిండరుకి పైన నిలబెట్టారు. గాలి ముందు కూలర్‌ని తాకి, వేడెక్కి, ఆ తర్వాతే కింది సిలిండరుకి చేరేది. నలుగురు తినాల్సిన అన్నంలో చివరివాడికి అడుగంటింది మిగిలినట్టు, ఆ ఒక్క సిలిండరు మిగతావాటికన్నా వేడిగా నడిచేది. దాని ఎగ్జాస్ట్ వాల్వు ముందుగా పాడయ్యేది. ఇంజనీర్లు దాని ఒక్కదానికే నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌లో ఏర్పాటు చేశారు. 1971 మోడల్లో కూలర్‌ని పక్కకి జరిపి, దానికి విడిగా గాలి దారి ఇచ్చి, ఫ్యానుని కూడా వెడల్పు చేశారు. ఇంజను పెరిగింది కాబట్టి గాలీ పెరిగింది.

బ్రేకులదీ ఇదే లెక్క. 1500 ఇంజనుతో వచ్చిన బీటిల్‌కి యూరప్‌లో ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులిచ్చారు. మలుపుల్లో వెనక భాగం ఎత్తేయకుండా ఒక అదనపు కడ్డీ అమర్చారు. గేరుబాక్సు నిష్పత్తి కూడా మార్చారు. కంపెనీ ఇంజనుని మార్చిన ప్రతిసారీ కారు మొత్తాన్నీ మళ్లీ ఒకసారి లెక్కగట్టుకుంది.

షెడ్డులో చేసే మార్పిడి

బీటిల్ ఇంజను గేరుబాక్సుకి పట్టుకుని ఉండేది నాలుగే నాలుగు బోల్టులతో. పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ కేబులు, నాలుగు వైర్లు విప్పి, కింద జాకీ పెట్టి దింపేయొచ్చు. అనుభవం ఉన్న చేతులకి గంట కూడా పట్టదు. ఇంత సులువు కాబట్టే ప్రపంచమంతటా దీనికి పెద్ద ఇంజను వేయడం ఒక అలవాటైంది.

అన్నిటికన్నా తేలిక దారి 1600 ఇంజనులో 85.5 బదులు 87 మిల్లీమీటర్ల పిస్టన్లు వేయడం. 1641 సీసీ అవుతుంది. బ్లాకు కోయనక్కర్లేదు, పాత గుంటలోనే కూర్చుంటాయి. బయటి కొలత మారదు కాబట్టి ఆ పెరిగిన మేరకు సిలిండరు గోడే పలచబడుతుంది, అటూ ఇటూ ముప్పావు మిల్లీమీటరు చొప్పున. పలచని గోడ వేడికి గుండ్రతనం కోల్పోతుంది, రింగులు పట్టు వదులుతాయి. అందుకే తెలిసినవాళ్లు ఖర్చయినా క్రాంక్‌కేసు, హెడ్డు కోయించి 90.5 వేస్తారు. అప్పుడు 1776 సీసీ, గోడ మందంగా ఉంటుంది. 94 వేస్తే 1915 దాకా వెళ్తుంది.

గోడ మందం తర్వాత చూసుకోవాల్సిన రెండోది కంప్రెషన్, అంటే లోపలి మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్న లెక్క. 1192 సీసీ ఇంజనులో ఒక్కో సిలిండరు 298 సీసీ, మంట మండే గది సుమారు 50 సీసీ. రెండూ కలిపి 50తో భాగిస్తే 7 వస్తుంది. అదే గదిని ఉంచి సిలిండరు 396 సీసీ చేస్తే నిష్పత్తి 9కి దగ్గరవుతుంది. కంపెనీ తన 1600కి ఉంచింది 7.5 మాత్రమే. గదిని కూడా పెంచకపోతే వేసవిలో ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గోలీలు కొట్టుకున్న చప్పుడు వస్తుంది. అది పెట్రోలు తన సమయానికి ముందే మండుతున్న చప్పుడు. పిస్టను తలకాయకి చిల్లు పెట్టేది అదే.

మూడోది క్రాంక్‌కేసు. అది మెగ్నీషియం లోహం. తేలిక, కానీ మెత్తన. వేడికి హెడ్డు బోల్టుల మరలు అందులోంచి ఊడి వస్తాయి. పెద్ద పిస్టన్లు వేసేముందు ఆ రంధ్రాల్లో ఉక్కు మరలు బిగించుకోవాలి. ఫ్లైవీలు కూడా చూసుకోవాలి. పాత 6 వోల్టుల కార్లలో దానికి 109 పళ్లు, తర్వాతి 12 వోల్టుల ఇంజనుకి 130. పెద్ద ఫ్లైవీలు పట్టాలంటే గేరుబాక్సు మూతిని లోపల అరగదీయాలి.

ఇంకో దారి 1968లో ఫోక్స్‌వాగన్ 411 కారుతో వచ్చిన పెద్దన్న ఇంజను. 1679 సీసీతో మొదలై 1971 సీసీ దాకా పెరిగింది. బీటిల్ గేరుబాక్సుకే బిగుస్తుంది. కానీ దాని ఫ్యాను ఇంజను పైన కాదు, వెనకవైపు క్రాంకు చివరే ఉంటుంది. బీటిల్ ఇంజను గదిలో దానికి చోటూ గాలీ చూసుకోవడమే అసలు పని.

మన ఎండలో

ఈ లెక్కలన్నీ జర్మనీ గాలికి వేసినవి. హెడ్డు 180 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 20 డిగ్రీలైతే తేడా 160. మన మే నెల 42 డిగ్రీల్లో తేడా 138. వేడి ఎంత త్వరగా పోతుందన్నది ఆ తేడా మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడే 14 శాతం తగ్గింది. వేడిగాలి పలచన కూడా. అదే ఫ్యాను అంతే వేగంతో తిరిగినా బరువులో 7 శాతం తక్కువ గాలి తోస్తుంది. అందువల్ల మన ఊళ్లో పెద్ద ఇంజను వేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది పిస్టను కాదు, రేకులు. ఇంజను చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఊడి సందు ఏర్పడితే కింద పోయిన వేడిగాలే మళ్లీ పైకొచ్చి ఫ్యానులోకి దూరుతుంది. ఎండ ఎక్కువని థర్మోస్టాట్, గాలి తలుపులు పీకేయడం, రేకులు "అనవసరం" అని పారేయడం చాలాచోట్ల జరిగే తప్పు. ఆ రేకుల్లో ప్రతి వంపూ గాలికి వేసిన కాలువ గట్టు.

చట్టం సంగతి కూడా మరవకూడదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్‌గా నమోదు కావాలంటే అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను మారిపోకూడదు. ఇంజను మార్చితే ఆర్సీ మీదకి ఎక్కించడం కూడా తప్పనిసరి. కాబట్టి దింపిన పాత ఇంజనుని తుక్కుకి అమ్మేయకండి. ఆయిలు పట్టించి, గుడ్డ చుట్టి, దాని నంబరు కనపడేలా ఒక మూల పెట్టండి. నాలుగు బోల్టులే కదా, ఎప్పుడైనా తిరిగి ఎక్కించుకోవచ్చు.

2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో ఆఖరి బీటిల్ బయటికొచ్చింది. మొత్తం 2,15,29,464 కార్లు. బ్రెజిల్‌లో కోంబీ వ్యాను 2005 చివరిదాకా ఇదే గాలి ఇంజనుతో నడిచింది. నీళ్లు లేకుండా పుట్టిన ఆ ఇంజను దాదాపు 70 ఏళ్లు బతకడానికి కారణం దాన్ని పెంచినవాళ్ల ఓపిక.

ఆ రోజు సాయంత్రానికి ఆటో సిద్ధమైంది. ఉస్తాద్ పాత కొలత బ్లాకే మళ్లీ వేశాడు. రేకు మూత పెట్టాక ఒక స్క్రూ గాడి అరిగిపోయి బిగియలేదు. డ్రైవరు "అదొక్కటి లేకపోతే ఏమైతది" అన్నాడు. ఉస్తాద్ మాట్లాడలేదు. లేచి వెళ్లి, డబ్బాలో పది నిమిషాలు వెతికి, సరిపోయే స్క్రూ తెచ్చి బిగించాడు. ఇంజను స్టార్ట్ చేసి, మూత అంచు చుట్టూ మండుతున్న అగరొత్తి తిప్పి చూశాడు. పొగ పక్కకి చెదరకుండా నిటారుగా నిలబడ్డాక, చేయి దులుపుకుని ఇక తీసుకుపొమ్మన్నట్టు తలూపాడు.