ఆటబొమ్మయు కనుగ్రుడ్డును

తిరునాళ్లలో పిల్లలకై మనము కొను విల్లమ్ములను ఒక్కమారు చేతికి తీసికొని చూడుడు. దారము బిగించిన వెదురుబద్ద, సన్నని పుల్లబాణము, దాని కొనకు తొడిగిన రబ్బరు టోపీ: చూచుటకు నిరపాయముగనే యుండును. ఆ టోపీని రెండు వ్రేళ్లతో పట్టి కొంచెము లాగినచో ఊడి చేతికి వచ్చును. మిగిలినది మొనదేలిన పుల్ల. ఇంటికి తెచ్చిన సాయంకాలమునకే ఆ టోపీ ఏ మంచము క్రిందికో దొర్లిపోవును, ఆట మాత్రము ఆగదు.

ప్రకృతి కంటిని ఎముకల గూటిలో నిలిపినది. కనుబొమ యెముక పైనుండియు, చెంప యెముక క్రిందినుండియు కాపు కాయుచుండుటచే, ఆ గూటి వాకిలికంటె పెద్దదైన బంతి వచ్చి తగిలినను దెబ్బలో కొంతభాగమును ఎముక భరించును. పుల్లబాణమునకు గాని, బొమ్మతుపాకి విడుచు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండునకు గాని, బిళ్ళంగోడులో ఎగిరివచ్చు బిళ్ళ మొనకు గాని ఈ కోట అడ్డు రాదు. అచ్చట వాని నెదుర్కొనవలసిన కార్నియా యను పారదర్శకమైన పొర మధ్యభాగమున రమారమి అరమిల్లీమీటరు మందము మాత్రమే. గుండు తేలికయే గదా యని యూరడిల్లరాదు. వేగము రెట్టింపైనచో దాని గతిజశక్తి నాలుగు రెట్లగును.

పొర చిరుగకపోయినను, మొద్దు దెబ్బకే కంటి ముందరి గదిలో నెత్తురు నిలువవచ్చును, పసితనముననే శుక్లము రావచ్చును, రెటీనా ఊడిరావచ్చును. పసివారి విషయమున మఱియొక చిక్కు కలదు. సుమారు ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు మెదడు చూచుట నేర్చుకొనుచునే యుండును. ఆ వయసున నెలల తరబడి మసకబారిన కంటిని అది లెక్కచేయుట మానివేయును గనుక, శస్త్రచికిత్స చక్కగా జరిగినను ఆ కన్ను మందదృష్టితోనే మిగిలిపోవచ్చును. బొమ్మల విషయమున ఉపేక్ష కూడదని నేను నొక్కి చెప్పుటకు ఇదియే ప్రధానకారణము.

మన దేశమున 2021 జనవరి 1 నుండి, 14 ఏండ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసిరి. తిరునాళ్ల గంపలో ఆ గుర్తు కానరానిచో మన వ్రేళ్లే పరీక్షాసాధనములు: కొన లాగి చూడవలెను, అంచు తడిమి చూడవలెను, గుండు విడుచు తుపాకిని కొననే కూడదు. లేజరు దీపమును పిల్లల చేతికి ఈయరాదు. ఆ కిరణము నొప్పి తెలియనీయకయే రెటీనాను కాల్చగలదు. అంకుడుకఱ్ఱను నునుపు దేర్చి ఏటికొప్పాకవారు చేయు లక్కపిడతలలో గ్రుచ్చుకొను కోణము వెదకినను దొరకదు. నేనైతే అవియే కొందును.

ఇంత జాగ్రత్తపడినను దెబ్బ తగిలినచో, కంటిని నలుపనీయకుడు, గ్రుచ్చుకొన్న పుల్లను పెరుకకుడు, చనుబాలో ఆముదమో పోయకుడు. కంటికి తగులకుండ, చుట్టునున్న యెముకపై ఆనునట్లు ఒక కాగితపు కప్పును బోర్లించి, ఎఱుపు తగ్గునేమో యని తెల్లవారువఱకు వేచియుండక, ఆ పూటనే బిడ్డను కంటివైద్యుని కడకు తీసికొనిపొండు.