బాలభటుని సోపానములు



మనుమడు మెడలో రుమాలు చుట్టుకొని, చేత కఱ్ఱ పట్టుకొని, స్కౌటు శిబిరమునకు పోయెదనని యడిగినప్పుడు, ఇది వీని యీడునకు తగునా, ఎన్నాళ్లు సాగును, తుద కేమి వచ్చును అని మీరు విచారింతురు. విచారింపవలసినదే.

1907లో ఇంగ్లండున బ్రౌన్‌సీ యను దీవిలో బేడెన్ పవెల్ దొర యిరువదిమంది బాలురతో తొలి శిబిరము నడపెను. మఱుసటియేట ఆయన గ్రంథము వెలువడగా బాలురు తమంతట తామే జట్లు కట్టసాగిరి. అన్నలను జూచి తమ్ములు మేమును వత్తుమనిరి. పదేండ్లు నిండని పసివాడు పదునాలుగేండ్లవానితో సమముగ నడవగలడా? నడిపించినచో వీడు సొలయును, వాడు విసుగును. కావున 1916లో పిన్నలకు వేఱొక శాఖ యేర్పడినది. పిమ్మట ఈడు మీఱినవారికి రోవరు శాఖ వచ్చినది.

మన దేశమున 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ యేర్పడినది. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంస్థయు అందు చేరినది. ఇందు 5 మొదలు 10 ఏండ్లవఱకు బాలురు కబ్బులు, బాలికలు బుల్‌బుల్‌లు. పదేండ్లు దాటినవారు స్కౌటులు, గైడులు. పదునాఱేండ్ల ప్రాంతమునుండి 25 వఱకు రోవరులు, రేంజరులు. కబ్బనగా కూన, కిప్లింగు చెప్పిన అడవికథలలోని తోడేలుకూన. ఆ వయస్సున ఆటయు కథయుదక్క వేఱు బోధ తలకెక్కదు.

మెట్ల పేర్లు వినుడు. కబ్బునకు చరణములు, బుల్‌బుల్‌నకు పంఖములు, స్కౌటునకు సోపానములు. పసివానికి అడుగు, పసిపిల్లకు ఱెక్క, ఎదిగినవానికి మెట్టు! పేరు పెట్టినవా రెవరోగాని రసజ్ఞులు. ప్రవేశ్ పిదప స్కౌటు ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానము లెక్కి, రాజ్యపురస్కారమును, తుదకు రాష్ట్రపతి పురస్కారమును పొందవచ్చును. త్రాటిముడులు, ప్రథమచికిత్స, దిక్సూచి, పటము చదువుట, ఆరుబయట వంట, ఊరిసేవ - ఇవి మెట్టుమెట్టునకు కఠినమగుచుండును. మెట్టునకు మెట్టునకు నడుమ కొన్ని మాసముల గడువు గలదు. పురస్కారపత్రము త్వరగా చేతబడవలెనని పిల్లవానిని తఱుముట కొందఱకు పరిపాటి. తొందరలో నేర్చిన ముడి వాన కురియురాత్రి డేరాను నిలుపదు.

ఐదేండ్లు లాలన, పదేండ్లు దండన, పదునాఱవయేట మైత్రి యని మన పూర్వులు చేసిన విభాగము ఇంచుమించు ఈ శాఖలకు సరిపోవుచున్నది. భేదము నడిమి పదేండ్లలోనే. అచ్చట వీరు బెత్తమునకు మాఱుగా బాధ్యత నుంచిరి. ఆఱుగురు మొదలు ఎనమండుగురు బాలుర కొక జట్టు. దానికి నాయకుడు వారిలోని బాలుడే. ఎవడు నీరు తేవలెనో, ఎవడు పొయ్యి రాజేయవలెనో వాడే నిర్ణయించును. కూడు మాడినచో వాడే సమాధానము చెప్పును. నా బడిలో నెంత గద్దించినను సమయమునకు రాని పిల్లవాడు జట్టునాయకుడైన పిమ్మట అందఱికంటె ముందు వచ్చుచుండెను.

శిబిరమునకు పంపుటకు పూర్వము, స్కౌటుమాస్టరు తర్ఫీదు పొందినవాడా, పిల్లవాడిప్పు డే సోపానమున నున్నాడు, తోడి జట్టువా రెవరు అని యడుగుడు. చిన్ననాడు కబ్బు కానివాడు స్కౌటు కారాదను నియమము లేదు. పదేండ్లు నిండినవాడు నేరుగ ప్రవేశ్‌తో మొదలిడవచ్చును, బాలికయు నట్లే.