మండలం మెట్టు

పెదవేగి మండల పరిషత్తు నుంచి రాష్ట్ర శాసనసభ దాకా ఒక నాయకుడి నడక. దెందులూరుకు ఆ దారి ఏమిచ్చింది, ఆ దారిని మనం ఎందుకు కాపాడుకోవాలి?

పెదవేగి వైపు నేల ఎర్రగా ఉంటుంది. పామాయిల్ తోటలు, వాటి మధ్య బోరు మోటార్లు. దక్షిణానికి దిగి జాతీయ రహదారి దాటితే వరిచేలు, కాలువ గట్లు మొదలవుతాయి. ఇంకా దిగితే గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్లలంక. అక్కడ నేలకన్నా నీరే ఎక్కువ. అదంతా కొల్లేరు.

మెట్టలో రైతును పలకరిస్తే బోరులో నీరు ఎంత లోతుకు దిగిపోయిందో చెబుతాడు. డెల్టాలో రైతు కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడుగుతాడు. లంక గ్రామంలో చదువు లేని ముసలాయన నోట కూడా ‘అయిదో కాంటూరు’ అనే మాట వినిపిస్తుంది. దెందులూరు, పెదవేగి, పెదపాడు మండలాలు, ఏలూరు మండలంలోని కొన్ని పల్లెలు కలిసిన దెందులూరు శాసనసభ నియోజకవర్గంలో ఈ మూడు నీళ్ల గోడూ ఉంది. ఇక్కడ ఎమ్మెల్యే కావాలనుకునే మనిషికి ఈ మూడూ అర్థం కావాలి. వాటిని ఎక్కడ నేర్చుకున్నాడన్నదే అసలు ప్రశ్న.

పాలన ఈ నేలకు కొత్తది కాదు. శాలంకాయనులు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి నేటి పెదవేగి పరిసరాలే. ధనమ్మ దిబ్బ దగ్గర తవ్వకాల్లో ఆనాటి కట్టడాలు బయటపడ్డాయి. ఒకప్పుడు రాజధానిగా వెలిగిన ఊరు ఇప్పుడు మండల కేంద్రం. మన కథ మొదలయ్యేదీ ఆ మండల కార్యాలయంలోనే.

ఒకే కుర్చీ, మూడు దారులు

ఈ నియోజకవర్గం నుంచి శాసనసభకు వెళ్లినవారిని చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది కుటుంబం. 2004లో కాంగ్రెస్ తరఫున ఇక్కడ గెలిచిన మాగంటి వెంకటేశ్వరరావు తల్లిదండ్రులు రవీంద్రనాథ్ చౌదరి, వరలక్ష్మీదేవి ఇద్దరూ రాష్ట్ర మంత్రులుగా పనిచేశారు. ఇంటి పేరే సగం ప్రచారం చేసిపెట్టే దారి అది. రెండోది పరదేశం నుంచి వచ్చిన దారి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచిన కొఠారు అబ్బయ్య చౌదరి లండన్‌లో సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేసి వచ్చారు. అక్కడి నుంచే పార్టీ పనిలోకి దిగారు.

మూడోది మండలం దారి. పెదవేగి మండలం దుగ్గిరాలకు చెందిన చింతమనేని ప్రభాకర్ ఆ దారిన వచ్చారు. మొదట మండల పరిషత్ అధ్యక్షుడిగా పనిచేశారు. 2009లో తెలుగుదేశం తరఫున దెందులూరు ఎమ్మెల్యే అయ్యారు. 2014లో మళ్లీ గెలిచి ప్రభుత్వ విప్‌గా ఉన్నారు. 2019లో ఓడిపోయారు. 2024లో తిరిగి గెలిచారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఈ ప్రయాణంలో గెలుపుంది, ఓటమి ఉంది, కేసులున్నాయి, జైలు ఉంది, మళ్లీ గెలుపుంది. ఆయన్ను మెచ్చుకునేవాళ్లూ తిట్టిపోసేవాళ్లూ ఒకే వీధిలో దొరుకుతారు. ఇరుపక్షాలూ కాదనలేనిది ఒక్కటే: ఆయన నియోజకవర్గానికి పైనుంచి దిగలేదు, కిందినుంచి వచ్చారు.

ఎంపీపీ అంటే ఏమిటి?

1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం పంచాయతీ సమితులను తీసేసి మండల వ్యవస్థను తెచ్చింది. 1987లో జరిగిన ఎన్నికల్లో మండల అధ్యక్షుణ్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఓటరు ఎంపీటీసీ సభ్యుణ్ని ఎన్నుకుంటే, ఆ సభ్యులు కలిసి అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి ఏర్పడింది. జనం నోట ఆ పదవి పేరు ఎంపీపీ.

శాసనసభలో ఒక గంటసేపు సాగే చర్చ కన్నా మండల సర్వసభ్య సమావేశంలో ఒక పూట ఎక్కువ నేర్పుతుంది. ఫలానా ఊళ్లో తాగునీటి ట్యాంకు కారుతోందని ఒక ఎంపీటీసీ లేస్తాడు. బడికి గది మంజూరై ఏడాదైనా పునాది పడలేదని ఒక సర్పంచి నిలదీస్తుంది. ఇంజినీరు అంచనాల గురించి, వ్యవసాయాధికారి విత్తనాల గురించి, ఎంపీడీవో నిధుల గురించి జవాబు చెప్పుకోవాలి. ఎవరి దగ్గర ఏ ఫైలు ఆగింది, ఏ సంతకం ఎవరిది, ఏ పనికి ఏ పద్దు కింద డబ్బు వస్తుంది అనేవి పుస్తకం చదివితే వంటబట్టే విద్యలు కావు. ఆ హాలులో అయిదేళ్లు కూర్చుంటేనే వస్తాయి.

ఇలా కిందినుంచి ఎదిగినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. కృష్ణా జిల్లా పరిషత్‌ను సుదీర్ఘకాలం నడిపినవారు పిన్నమనేని కోటేశ్వరరావు. జిల్లా పరిషత్తు పేరు చెప్పగానే ఆ ప్రాంతపు పెద్దలకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు. తాడేపల్లిగూడెంలో ఫొటో స్టూడియో నడుపుకున్న పైడికొండల మాణిక్యాలరావు పార్టీ కార్యకర్తగా ఎదిగి 2014లో ఎమ్మెల్యే, ఆపై దేవాదాయ మంత్రి అయ్యారు. గోదావరి, కృష్ణల మధ్య ఈ నేలలో కార్యకర్తకు పైకి వెళ్లే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

కొల్లేరు పెట్టే పరీక్ష

మండలంలో నేర్చిన విద్యకు కొల్లేరులో గట్టి పరీక్ష ఎదురవుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీటిని ఈ సరస్సు కడుపులో దాచుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. చేపల చెరువుల గట్లు పెరిగేకొద్దీ ఆ నీటికి దారి తగ్గింది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువుల గట్లను తెగ్గొట్టారు. బతుకుతెరువు పోయిందన్న బాధ లంకల్లో ఈనాటికీ ఆరలేదు.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. తర్వాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపు వద్దని చెప్పింది. లంక గ్రామస్థుడు తన ఎమ్మెల్యేను చెరువు ఇప్పించమంటాడు, రోడ్డు వేయించమంటాడు. అభయారణ్యంలో రోడ్డుకు అటవీ అనుమతి కావాలి. చెరువుకు చట్టమే అడ్డం. వరద వస్తే గట్లు తెంచమని ఎగువ ఊళ్లు అడుగుతాయి. అందరికీ తలూపే నాయకుడు చివరికి ఎవరికీ మేలు చేయలేడు. ఎక్కడ ఏం కుదరదో ఓటరు ముఖం మీదే చెప్పగలగాలి. అలా చెప్పే ధైర్యం ఆ ఊరి మనిషికే వస్తుంది. ఊరు బాగా తెలిసినవాడి ‘కాదు’ను ఊరు సహిస్తుంది.

అధికారం, అదుపు

మండలం దారికి ఒక ప్రమాదమూ ఉంది. పని జరిపించడానికి అలవాటుపడ్డ నాయకుడికి నియమం అడ్డుగోడలా తోచవచ్చు. ఎమ్మెల్యే ప్రభాకర్, ఆయన అనుచరులు తనపై దాడి చేశారని 2015 జులైలో తమ్మిలేరు దగ్గర ఇసుక తవ్వకాలను ఆపడానికి వెళ్లిన ముసునూరు తహసీల్దారు ఫిర్యాదు చేశారు. ప్రభాకర్ ఆ ఆరోపణను తోసిపుచ్చారు. రెవెన్యూ ఉద్యోగులు ఆందోళనకు దిగారు. రాష్ట్రమంతా దెందులూరు పేరు మార్మోగింది.

తప్పెవరిదో తేల్చేది విచారణ. కానీ ఆ రోజుల్లో రేగిన ప్రశ్న మాత్రం ప్రతి నియోజకవర్గానికీ వర్తిస్తుంది. ఓటు వేసిన జనం, సంతకం పెట్టే అధికారి, ఈ ఇద్దరి మధ్య ప్రజాప్రతినిధి ఎక్కడ నిలబడాలి? సమావేశంలో అధికారిని నిలదీయడం అతని హక్కు. నది ఒడ్డున అధికారి పనికి అడ్డు నిలవడం ఏ ప్రతినిధి హక్కూ కాదు. ఈ గీత మండలం హాలులోనే నేర్వాలి, అక్కడే నేర్పాలి.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ 175 స్థానాల్లో 151 గెలిచింది. దెందులూరూ ఆ గాలిలోనే వెళ్లింది. ఓడిన కొద్ది నెలలకే ప్రభాకర్ అరెస్టయి రెండు నెలలకు పైగా జైల్లో ఉన్నారు. అవి రాజకీయ కక్షతో పెట్టిన కేసులని ఆయనా, ఆయన పార్టీ అన్నారు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 స్థానాలతో గెలిచినప్పుడు దెందులూరు ఆయన్ను మళ్లీ సభకు పంపింది. రెండుసార్లు పిలిచి, ఒకసారి పొమ్మని, మళ్లీ పిలిచిన ఓటరు ఇక్కడ నిజమైన యజమాని.

మెట్టు విరగనీయకండి

నా ఆందోళన ఒక మనిషి గురించి కాదు, ఆ మెట్టు గురించి. 2006లో ఎన్నికైన మండల, జిల్లా పరిషత్తుల గడువు 2011లో ముగిస్తే తిరిగి ఎన్నికలు జరిగింది 2014లో. మూడేళ్లు ప్రత్యేకాధికారులే రాజ్యమేలారు. 2019లో మళ్లీ గడువు ముగిసింది. 2021 ఏప్రిల్‌లో పోలింగ్ జరిగినా, కోర్టు వివాదాలు దాటి ఓట్లు లెక్కించేసరికి సెప్టెంబరు వచ్చింది. రాజ్యాంగ 73వ సవరణ అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అంటుంటే మనం రెండేళ్లు, మూడేళ్లు ఖాళీలు వదిలాం.

ఆ ఖాళీలో ట్యాంకు కారడం ఆగలేదు. అడిగే మనిషి మాత్రం లేకుండా పోయాడు. ఎంపీటీసీగా మొదలవ్వాల్సిన ఒక కౌలురైతు కొడుకు, ఒక లంక గ్రామం అమ్మాయి ఆ మూడేళ్లలో ఇంటి దగ్గరే ఉండిపోయారు. మొదటి మెట్టు లేనప్పుడు పై మెట్టు ఎక్కేది ఇంటి పేరున్నవాళ్లు, డబ్బున్నవాళ్లే.

పరిషత్ ఎన్నికలు గడువు తప్పకుండా జరగాలి. సర్వసభ్య సమావేశాలు మొక్కుబడిగా ముగియకూడదు. అధికారి జవాబు రికార్డుకెక్కాలి, సభ్యుడి మాటకు హద్దుండాలి. అప్పుడు పెదవేగి బోరు గోడు, పెదపాడు కాలువ గోడు, కోమటిలంక కాంటూరు గోడు ఒకే హాలులో వినిపిస్తాయి. అవి విని, వాటిని తూచి, కుదరనిదాన్ని కుదరదని చెప్పడం నేర్చిన మనిషి శాసనసభకు వెళ్తే ఆ సభకు మూడు నీళ్లూ తెలుస్తాయి.